మొనలు ముడుచుకున్న మిర్చి సీజను

రిటైరయ్యాక మా వీధిలో ఎవరైనా “ఉద్యోగంలో మీరు చేసే పనేంటండీ?” అని అడిగితే “నరాలు పెంచేదాన్ని” అని చెబుతాను. అడిగినవాళ్లు ఓసారి నా వంక, ఓసారి మా గుమ్మం పక్కన ఎండిపోయిన కరివేపాకు మొక్క వంక చూసి నవ్వుకుంటూ వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు. మొక్కల విషయంలో నా చేతి మహిమ అంతే. నరాల విషయంలో మాత్రం గుంటూరుకీ మంగళగిరికీ మధ్య నన్ను మించిన చేయి లేదని అప్పట్లో నాకు బాగానే పొగరుండేది.

నేను సైంటిస్టును కాను. ఒక పరిశోధనా సంస్థలో నరకణాలు పెంచే గదికీ, పెద్ద మైక్రోస్కోపుకీ కాపలా మనిషిని. కాగితం మీద టెక్నికల్ ఆఫీసరు. పరిశోధన చేసే పిల్లలు వస్తారు, డాక్టరేట్లు తీసుకుని వెళ్తారు. వాళ్లు నాశనం చేసిన లెన్సులు తుడుచుకుంటూ, వాళ్లని తిట్టుకుంటూ నేను అక్కడే ఉంటాను. ఇప్పుడు కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న మీలాంటివాళ్లు, ఇన్నేళ్లలో ఏం చూశారు మేడమ్ అని అడుగుతుంటారు. చాలానే చూశాను. ఒక్కటే చెప్పమంటే మాత్రం ఈ సంగతి చెబుతాను.

దానికి ముందు కాస్త పాఠం భరించాలి. ఇంకా పుట్టని ఎలుక పిల్లలో, వెన్నుపూస పక్కన చిన్న చిన్న నరాల ముడులుంటాయి. తాకిడి, వేడి, నొప్పి, ఇవన్నీ మోసే కణాలు అక్కడుంటాయి. వాటిని విడదీసి, పల్చటి గాజుబిళ్ల మీద పోషకద్రవంలో వదులుతాం. మొదట గుండ్రంగా, మొద్దుల్లా పడుంటాయి. తర్వాత ఒక్కో కణం ఒక పోగు చాపుతుంది. ఆ పోగు కొసన అరచేయిలాంటి మొన ఒకటుంటుంది. అది చీకట్లో గోడ తడుముకునే మనిషిలా అటూ ఇటూ తడుముకుంటూ ముందుకు పోతుంది. పోగు లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి నాళికలుంటాయి. పోగును నిలబెట్టేవి అవే, సరుకు మోసుకెళ్లే దారులూ అవే. అవేమీ పాతిపెట్టిన స్తంభాలు కావు. ప్రతి క్షణం ఒకచోట పెరుగుతుంటాయి, ఇంకోచోట కూలిపోతుంటాయి. ఎటు పెరగాలి, ఎక్కడ కూలాలి అనేది బయటి నుంచి కణం పొరకు తగిలే సంకేతాలు చెబుతాయి. పొర మీద ఒక కబురు అందితే అది చేతులు మారుతూ లోపలికి వెళ్లి నాళికల్ని కదిలిస్తుంది.

పుస్తకంలో అయితే ఇది రెండు బొమ్మలతో అయిపోతుంది. మేం మాత్రం కళ్లతో చూసేవాళ్లం. నాళిక పెరిగే కొసమీద కూర్చునే ప్రోటీన్ ఒకటుంది. దానికి వెలుగు తగిలిస్తే, నల్లటి తెర మీద చిన్న చిన్న చుక్కలు బారులు తీరి మొన వైపు నడుస్తూ కనిపిస్తాయి. నేను మంగళగిరిలో చేనేత ఇంట పుట్టినదాన్ని. నేసే మనిషి లేకుండా మగ్గం దానంతటదే ఆడుతుంటే ఎలా ఉంటుందో, నాకు అది అలా ఉండేది. మొదటిసారి చూసిన రోజు నేను అన్నం తినలేదు. ఆకలి గుర్తు రాలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. నా సర్వీసు చివర్లో దర్శి వైపు నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు వచ్చింది. ముస్లిం కుటుంబం, వ్యవసాయం చేస్తారని చెప్పింది. మాట తక్కువ. చేయి మాత్రం ఎంత నెమ్మదైనదంటే, రంజాన్ నెలలో రోజా ఉండి కూడా, వెంట్రుకంత సూదితో నరాల ముడిని నలగకుండా విడదీసేది. నాకు మెచ్చుకోవడం చేతకాదు కాబట్టి “పర్లేదులే” అన్నాను. నా నోట పర్లేదు అనిపించుకోవడం అంటే ఏంటో ల్యాబులో అందరికీ తెలుసు.

ఆమె తేల్చాల్సిన విషయం ఒకటే. పెరగమని చెప్పే సంకేతం అందినప్పుడు నాళికలు మొనలోకి ఎలా చొచ్చుకుపోతాయి? మొదటి వానాకాలంలో కణాలు అద్భుతంగా పెరిగాయి. చుక్కలు బారులు బారులుగా నడిచాయి. చలి తగ్గి ఎండ మొదలయ్యేసరికి అంతా తలకిందులైంది. పోగులు చాపిన కణాలు మొనలు ముడుచుకుని వెనక్కి తగ్గేవి. విచిత్రం ఏమిటంటే, ఒకే గాజుబిళ్ల మీద పెద్ద కణాలు హాయిగా ఉండేవి, చిన్నవాటిలో చాలావరకు ముడుచుకునేవి. మళ్లీ వానలు పడ్డాయి, మళ్లీ అంతా బాగుపడింది. మరుసటి ఏడు ఎండలు రాగానే మళ్లీ పాత కథే.

మా ప్రొఫెసర్ గారు మంచివారే గానీ ఓపిక తక్కువ. శుక్రవారం మీటింగులో ఆమె చూపించిన బొమ్మలు చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అలా పెట్టారంటే ఎవరికో మూడిందని మాకు లెక్క.

“ఆర్నెల్లు ఒక ఫలితం, ఆర్నెల్లు ఇంకో ఫలితం. నరాలకి కూడా వేసవి సెలవులుంటాయా?”

ఆయన తెర మీది బొమ్మ వైపు చెయ్యి చూపించారు.

“ఒకే డిష్‌లో కొన్ని ముడుచుకున్నాయి, కొన్ని లేదు అంటావు. నీకు కావలసినవి నువ్వు ఏరుకుంటున్నావని రేపు ఎవరైనా అంటే నేనేం చెప్పాలి?”

“ఏరుకోలేదు సార్. అన్నీ చూపించాను.”

ఆయన నా పక్కన కూర్చున్న అబ్బాయి వైపు తిరిగారు. చీరాల నుంచి రోజూ రైల్లో వచ్చే పరిశోధకుడు. కోడిగుడ్లలో పెరిగే పిల్లల నుంచి ఇవే కణాలు తీసి పెంచేవాడు. “నువ్వు వాడే గాజుబిళ్లలు ఎవరు సిద్ధం చేస్తారు?”

“తనే సార్. మా ఇద్దరికీ కలిపి తను గాజు చూస్తుంది, నేను పోషకద్రవం చూస్తాను.”

“అదే గాజు, అదే ద్రవం. నీవి ఏడాది పొడుగునా పెరుగుతున్నాయి. తనవి చస్తున్నాయి. ఇక తేడా ఎక్కడుంది? చేతిలో ఉంది.” తర్వాత ఆమె వైపు చూడకుండానే చెప్పారు. “వచ్చే వారం రివ్యూ కమిటీ కూర్చుంటుంది. అప్పటికి కారణం తేలకపోతే ఈ పని ఇతనికి అప్పజెబుతాను. నువ్వు ఇక్కడ కొనసాగడం కష్టం.”

చీరాల అబ్బాయి తల దించుకున్నాడు. ఎదుటివాళ్ల విస్తరి లాక్కునే రకం కాదు వాడు. ఆ అమ్మాయి మాత్రం లేచి తన సామాను సర్దుకుని, మామూలుగానే కణాలకు ద్రవం మార్చడానికి వెళ్లింది.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి ఆమె నాకంటే ముందే వచ్చి సింకు దగ్గర నిలబడి ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏడ్చిందనుకున్నాను. నాకు ఓదార్చడం అసలు రాదు.

“ఏడిస్తే కణాలు పెరుగుతాయా అమ్మాయ్?”

“ఏడవట్లేదు మేడమ్. మండుతోంది. చెయ్యి కంట్లో పెట్టుకున్నా.”

“చెయ్యికేమైంది?”

రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నేను ఊరుకునే రకం కాదు కాబట్టి లాగి చూశాను. వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దగ్గరకు రాగానే నాకు తుమ్ము వచ్చింది. మా ప్రాంతం మనిషికి ఆ ఘాటు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

“మిరపకాయలా?”

“ఆదివారం ఇంటికెళ్లినప్పుడు అమ్మీతో కల్లానికి పోతా. తొడిమలు తీయడానికి, రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి. సీజన్లో మనుషులు దొరకరు కదా మేడమ్.”

“మీ కల్లమేనా?”

“మాదైతే ఎప్పుడో పోయింది. అమ్మీ కూలికెళ్తుంది. ఒక్కతే అంత ఎండలో కూర్చుంటుందని నేనూ పక్కన కూర్చుంటా.” ఆ మాట చెబుతూ చేతులు మళ్లీ దాచుకుంది. “ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.”

అప్పుడే నా చూపు ఆమె ముందున్న గాజు బీకరు మీద పడింది. అందులో స్పిరిట్. స్పిరిట్‌లో గాజుబిళ్లలు. మా ల్యాబులో ఒక పద్ధతుండేది. గ్లవ్స్ లోపలి పొడి గాజుకు అంటుకుంటుందని, చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఉత్త వేళ్లతోనే ఒక్కో బిళ్లనూ స్పిరిట్‌లో రుద్ది ఆరబెట్టేవాళ్లు. మా గురువుల నుంచీ వస్తున్న ఆచారం. ఎవరూ ప్రశ్నించలేదు. మిరపకాయ తాకిన చేతిని సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా మంట పోదని గుంటూరు జిల్లాలో పసిపిల్లలకీ తెలుసు. స్పిరిట్‌లో అయితే ఆ ఘాటు సుబ్బరంగా కరుగుతుంది. స్పిరిట్ ఆరిపోతుంది, ఘాటు గాజు మీదే ఉంటుంది.

నేను అక్కడే స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను. “దొరికింది” అన్నాను గట్టిగా.

ఆ సంతోషం చీరాల అబ్బాయి వచ్చేదాకే. అంతా విని వాడు పాపం ఎంతో మర్యాదగా నా నోరు మూయించాడు. “కానీ మేడమ్, అదే గాజు మీద నా కణాలు కూడా ఉన్నాయి కదండీ. వాటికేం కాలేదు. మిరపకాయే అయితే నావి కూడా పోవాలి.”

నిజమే. ఆ అమ్మాయి బీకరు పైకెత్తి వెలుగులో చూసింది. తర్వాత మెల్లగా అంది.

“మా ఊళ్లో పండు మిరపకాయల మీదకి చిలకలు దిగుతాయి మేడమ్. గుంపులు గుంపులుగా. ఎర్రటి కాయ చీల్చుకుని గింజలన్నీ తింటాయి. వాటికి మంట ఉండదు.”

“అయితే?” అన్నాను.

“కోడి కూడా పిట్టే కదా మేడమ్.”

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నా చేతుల మీద రోమాలు లేచాయి. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా లేస్తున్నాయి.

మీరు చదువుకున్నవాళ్లు, మీకు తెలిసే ఉంటుంది. మనకు మంట తెలియజేసే కణాల పొర మీద, అంటే ఎప్పుడూ ముడుచుకునే ఆ చిన్న కణాల మీద, చిన్న తలుపులుంటాయి; పెద్దవాటి మీద ఉండవు. సలసలా కాగేది తగిలితే తెరుచుకునే తలుపులవి. మిరపకాయలోని ఘాటు సరిగ్గా ఆ తలుపునే తడుతుంది. తలుపు తెరుచుకోగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అందుకే మనకి నోరు కాలినట్టుంటుంది. పిట్టల కణాలకీ ఆ తలుపుంది, వేడికి తెరుచుకుంటుంది, మిరపకాయకి మాత్రం తెరుచుకోదు. ఈ పాఠం మా ప్రొఫెసర్ గారు ఏటా క్లాసులో చెబుతారు. ఆ ఘాటు పదార్థం విదేశాల నుంచి తెప్పించిన చిన్న సీసాలో తెల్లటి పొడిగా మా ఫ్రిజ్‌లోనే ఉంది. తాళం వేసి మరీ దాచేవాళ్లం. కిటికీ బయట రోడ్డు మీద మిర్చి బస్తాల్లో, టిక్కీలు టిక్కీలుగా లారీల్లో పోయేది కూడా అదేనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

“ఇక సార్‌కి చెబుదాం పద” అన్నాను.

ఆమె కదల్లేదు. “ఏమని చెప్పాలి మేడమ్? చేతకాని చెయ్యి అన్నారు ఇప్పటిదాకా. ఇప్పుడు మురికి చెయ్యి అంటారు. రెండు సీజన్ల పని నావల్లే పాడైందని నేనే ఒప్పుకోవాలి. చెప్పకపోతే పంపిస్తారు, చెప్పినా పంపిస్తారు.”

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు. చేతులు మరోసారి కడుక్కుని, తుడుచుకుని, ప్రొఫెసర్ గారి గది వైపు తనే నడిచింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. బయటికొచ్చినప్పుడు ఆయన మొహం కోపంగా ఉందో, ఆశ్చర్యంగా ఉందో కూడా పోల్చుకోలేకపోయాను. “చూపించండి” అన్నారంతే.

మధ్యాహ్నానికి మైక్రోస్కోపు గదిలో దీపాలు ఆర్పాం. శుక్రవారం మీటింగయ్యాక, తప్పు చేతిదో కాదో తేల్చుకుందామని నేను గ్లవ్స్ వేసుకుని, పట్టకారుతో తయారుచేసిన గాజుబిళ్లలు వేరే ఉన్నాయి. వాటి మీద పెంచిన ఎలుక కణం ఒకటి తెర మీద పెట్టాను. చిన్న కణం, పొడవాటి పోగు, చక్కగా విచ్చుకున్న మొన. చుక్కలు వరసగా నడుస్తున్నాయి. ముందు ఉత్త స్పిరిట్ కలిపిన ద్రవం చుక్క వేసింది ఆ అమ్మాయి. ఏమీ కాలేదు. చుక్కలు వాటి దారిన అవి నడిచాయి. తర్వాత ఒక శుభ్రమైన గాజుబిళ్లను అందరి ముందూ స్పిరిట్‌లో తన వేళ్లతో రుద్ది, ఆరబెట్టి, దాన్ని కడిగిన ద్రవం ఒక్క చుక్క వేసింది.

చుక్కలు ఆగిపోయాయి.

ఊపిరి పీల్చి వదిలేలోపు, మొనలోకి చొచ్చుకుపోయిన నాళికల కొసలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అంతసేపూ వెలుగుతున్న మొన చీకటిపడింది. విచ్చుకున్న అరచేయి పిడికిలిలా ముడుచుకుని, నెమ్మదిగా వెనక్కి జరిగింది. కణం మధ్యలో ఉన్న నాళికలు నిలబడే ఉన్నాయి. కొసన కొత్తగా పెరిగినవే కూలిపోయాయి.

“కోడిది” అన్నారు ప్రొఫెసర్ గారు.

చీరాల అబ్బాయి తన కణం పెట్టాడు. అదే ద్రవం, అదే చుక్క. కోడి నరం పట్టించుకోనే లేదు. చుక్కలు మొన వైపు నడుస్తూనే ఉన్నాయి. పొలంలో పండుకాయ తినే చిలకకున్న ధీమా, గుడ్డు దాటి బయటి లోకం చూడని ఆ ఒక్క కణంలో కూడా ఉంది.

తర్వాత ఎలుక కణాన్ని మంచి ద్రవంతో కడిగాం. కదలకుండా కూర్చున్నాం. చాలాసేపటికి ఒక చుక్క కనిపించింది. తర్వాత ఇంకొకటి. కూలిన చోటికే నాళికలు మళ్లీ బయల్దేరాయి. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత ఆశ్చర్యం నేను ఏ గుడిలోనూ పడలేదు. నాలుక లేని, మెదడు లేని, ఇంకా ఒక ప్రాణిగా పుట్టని ఒక్క కణం మిరపకాయను గుర్తుపట్టి, తను కట్టుకున్నది తనే కూల్చుకుని, ఆపద పోయాక మళ్లీ కట్టుకుంటోంది.

దీపాలు వేశాక ప్రొఫెసర్ గారు ఆమెను క్షమించమని అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. ఆయన తరం వాళ్లకి ఆ మాట గొంతు దాటదు. ఆమె వేళ్ల వంక చూసి మాత్రం “ఇంకా మండుతున్నాయా?” అన్నారు.

“కొంచెం సార్.”

“ఆ రెండు సీజన్ల ఫలితాలూ పక్కన పెట్టు. మళ్లీ చెయ్యి. పెరగమనే సంకేతం కడుతుంటే, మంట సంకేతం అదే మొనలో ఎలా కూలుస్తుందో, రెండూ కలిసి వస్తే నాళిక ఎవరి మాట వింటుందో చూడు. కమిటీకి నేను చెబుతాను.” తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. “ఏరుకున్నావని అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

ఆ రోజు నుంచి గాజును ఉత్త చేతులతో ముట్టుకోవడం మా ల్యాబులో బంద్. ఆ అమ్మాయి ఆదివారాలు కల్లానికి వెళ్లడం మాత్రం మానలేదు. ఎవరూ మానమనలేదు కూడా.

కమిటీ ముందు ఆమె నిలబడి అంతా చెప్పింది, ఘాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా. గడువు పొడిగించారు. అది తెలిసిన వారంలో వాళ్లమ్మ కూతురు ఏం చేస్తుందో చూడాలని వచ్చింది. ఎండకు మాడిన సన్నటి మనిషి, తల మీద కొంగు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మం బయటే నిలబడిపోయింది. నేను లోపలికి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి మరో కణం మీద అదే చుక్క వేసి చూపించింది. చుక్కలు ఆగాయి, మొన ముడుచుకుంది.

“ఏందమ్మా అది?”

“నరం అమ్మీ. నీ వేలి చివర ఉండేలాంటిదే.”

“ఎందుకట్టా ముడుచుకుంటంది?”

“మిరపకాయ తగిలింది.”

ఆమె తెర దగ్గరికి వంగింది. “నోరు లేదు, కళ్లు లేవు. మంటని దానికెట్టా తెలిసింది?”

“దానికి మంట తెలీదమ్మీ. తలుపు తెరుచుకుంటుంది, లోపలివి కూలతాయి, ముడుచుకుంటుంది. అంతే.”

“ముడుచుకోడం తెలిసినదానికి మంట తెలీదంటావా?”

కూతురు తల తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ ప్రొఫెసర్ గారి వంక చూసింది. ఆయన నా వంక చూశారు. నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తల్లి తన చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వంక చూసింది. “కడిగెయ్ తల్లీ. మేమంటే కూలోళ్లం, ఎంత మండినా పొద్దుగూకేదాకా చెయ్యి తీయం. దానికేం కర్మ” అంది.

ఆ అమ్మాయి ద్రవం మార్చింది. మొదటి చుక్క మళ్లీ నడవడం మొదలుపెట్టేదాకా ఆ తల్లి కుర్చీలోంచి లేవలేదు.